నాన్న తెచ్చిన జపాన్ క్యాసెట్

నాన్న దాన్ని బల్ల మీద పెట్టలేదు. ఉన్ని సాక్సులో దూర్చిన క్యాసెట్టుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ కప్పి, హీటరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, టోపీ కూడా తియ్యలేదు. పదహారేళ్ళుగా అల్మాటీ రేడియో బజారు రెండో అంతస్తులో, ఈ గాజు తలుపు గదిలో, జనం తెచ్చే పాత వీడియో గేమ్ క్యాసెట్లు అసలువో నకిలీవో చెప్పడమే నా బతుకు, అందుకని నేను ముందు క్యాసెట్టుని చూడను, తెచ్చినవాళ్ళ చేతులు చూస్తాను. అసలుదని నమ్మినవాళ్ళు దాన్ని టక్కున పెట్టి ఫోన్ చూసుకుంటారు. నకిలీ అని లోపలెక్కడో తెలిసినవాళ్ళు పసిపిల్లని పడుకోబెట్టినట్టు మెల్లగా దించుతారు, దించాక కూడా వేళ్ళు వెంటనే తియ్యరు. నాన్న అసలు దించనే లేదు. గోడ గడియారంలో రెండూ పది. మూడింటికి కరగందా నుంచి, పాత క్యాసెట్లు కొని పోగుచేసే రొడియోన్ లిగాయ్ వస్తాడు. నిన్న సాయంత్రం బయల్దేరి వెయ్యి కిలోమీటర్లు మంచులో కారు నడుపుకుంటూ వస్తున్నాడు, ఆ సాక్సులో ఉన్నదాని కోసం.

"టీ తాగుతావా?" అన్నాను.

"పాలు ఎక్కువ పొయ్యి," అన్నాడు.

కెటిల్ చప్పుడు చేస్తోంది, పక్క గదిలో ఎవరో స్పీకర్లు పరీక్షిస్తూ ఒకే పాట మొదటి నాలుగు మాటలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తున్నారు, కిటికీ బయట కొండలు ఉండాల్సిన చోట పొగ తప్ప ఏమీ లేదు, ఫిబ్రవరిలో ఈ ఊరికి కొండలున్నాయని వేరేవాళ్ళు చెబితే నమ్మాల్సిందే. డెబ్బై రెండేళ్ళ మనిషి ఈ చలిలో రెండు బస్సులు మారి ఎందుకొచ్చినట్టు. టాక్సీవాడికిచ్చి పంపమని మా తమ్ముడు దౌరెన్‌కి చెప్పాను కదా. అడగడానికే వచ్చాడు, ఇంకో కారణం నాకు కనపడలేదు. ఈ ఒక్కసారికి తల్లీ, అంటాడు, తమ్ముడు మాటిచ్చేశాడు, పెద్దాయన అంత దూరం నుంచి వస్తున్నాడు, నీ కార్డు మీద అసలుదని రాసేస్తే ఎవరికి నష్టం, అంటాడు. అప్పుడు నేను ఏమనాలో నిన్నటి నుంచీ లోపల అనుకుంటున్నాను, ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా, బస్సులో ఒకసారి పైకే అనేశాను కూడా, ఎదుటి సీటావిడ తలెత్తి చూసింది. టీ అందించాను. ఒక చేత్తోనే అందుకున్నాడు, రెండో చెయ్యి సాక్సు మీదే ఉంది.

దౌరెన్ ఇల్లు మారుతున్నాడు. నాన్న ఉండేది వాడి దగ్గరే, బీరువాలు ఖాళీ చేస్తుంటే ఇది దొరికిందట, ముందు వైపు ఫోటో తీసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు, గంట తిరక్కుండా లిగాయ్ ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు నమ్మవు, 'గంటల ద్వీపం' ఆట మన దేశం మొత్తంలో రెండో మూడో ఉన్నాయంట. నాన్న స్వయంగా జపాన్ నుంచి తెచ్చాడు, ఒక్క చెయ్యి కూడా మారలేదని చెప్పాను. ఆయన ఇంకా ఏదో అడగబోతే మా అక్క జనార్ అని చెప్పాను, రేడియో బజారు జనార్ అని. అంతే అక్కా, మారు మాట్లాడలేదు, ఆవిడ కార్డు ఉంటే చాలు, వస్తున్నానన్నాడు." వాడి గొంతులో ఎంత సంతోషమో. వాడికి నిజంగా తెలియదు, నాన్న దాన్ని తెచ్చినప్పుడు వాడికి మూడేళ్ళు. నేను ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. సరే అన్నాను. సరే అని ఫోన్ పెట్టేసి రెండు రోజులు లిగాయ్ నంబరు తీస్తూ మూస్తూ గడిపాను, బయల్దేరుతున్నాను అని ఆయన మెసేజీ పెడితే జాగ్రత్తగా రండి అని జవాబిచ్చాను. వేరే ఎవరి క్యాసెట్టు అయినా ఒక్క మాటతో తేల్చేసేదాన్ని.

ఆ కార్డు గురించి నాకు గర్వం లేదంటే అబద్ధం. పసుపు అట్టముక్క, తేదీ, అసలు లేదా నకిలీ, కింద నా సంతకం. బిష్కెక్‌లో, తాష్కెంట్‌లో దానితో ఉన్న క్యాసెట్టుని ఎవరూ మళ్ళీ విప్పి చూడరు. దానికోసం ఎంతమంది మొహాలు చూశాను. నిరుడు ఎండాకాలం షిమ్‌కెంత్ నుంచి ఒక బడిపంతులు వచ్చాడు, పెళ్ళానికి తెలియకుండా మూడేళ్ళు కూడబెట్టి కొన్న క్యాసెట్టు, నేను నకిలీ అని రాస్తుంటే నా కలం వంకే చూస్తూ, "కొంచెం మెల్లగా రాయండి," అన్నాడు. మెల్లగానే రాశాను, మాట మాత్రం మార్చలేదు. ఆ మనిషికి మార్చనిది ఇవాళ మారిస్తే, మా ఇంట్లో జరిగిన అబద్ధం మీద నా సంతకం పెట్టినట్టే. నాన్న టీ తాగుతున్నాడు. గుటక వేసినప్పుడల్లా మెడ మీద చర్మం కదులుతోంది. రెండూ పాతిక.

ఆ చలికాలాల్లో రోజూ సాయంత్రం కరెంటు పోయేది, గ్యాసూ వచ్చేది కాదు, అమ్మ బాల్కనీలో ఇటుకలు పేర్చి టీ కాచేది. నాన్న లేతు పని చేసే కార్ఖానా మూతపడి ఏడాది దాటింది. తొంభై అయిదు మార్చిలో ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి నాన్న లేడు. వ్లాదివస్తోక్ వెళ్ళాడంది అమ్మ, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్ వెళ్ళి పాత కార్లు తెస్తారు కదా, వాళ్ళ దగ్గర మెకానిక్కుగా కుదిరాడంది. నాకు పదకొండేళ్ళు, బడిలో పటం తెరిచి వేలితో ఆ దారంతా గీసుకున్నాను. ఉత్తరాలు అమ్మే చదివి వినిపించేది. సముద్రం గట్టు దగ్గర గడ్డకట్టిందట, ఓడలో రోజూ చేపల పులుసేనట, జపానువాళ్ళు కారు అమ్మేముందు లోపల చీపురుతో ఊడుస్తారట. చేతికిమ్మని అడిగితే పొయ్యిలో వేసేశాను, చలి కదా, అనేది. పదకొండు నెలలు. మళ్ళీ ఫిబ్రవరిలో తలుపు తీస్తే ఎదురుగా నాన్న, కోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. కారు లేదు, టీవీ లేదు, సంచీలో బట్టలూ, ఒక క్యాసెట్టూ. "నీకోసమే కొన్నాను. దీన్ని మాత్రం ఎప్పుడూ విప్పకు, విప్పితే చచ్చిపోతుంది," అన్నాడు, అది ప్రాణి అన్నట్టు. మా అపార్టుమెంట్ల మధ్య ఉమ్మడి పెరట్లో ఆడుకునే పిల్లలందరి దగ్గరా బజారు క్యాసెట్లే, పసుపుపచ్చవి, పైన ఒక బొమ్మ, లోపల ఇంకో ఆట. నాది బూడిదరంగు, బరువు, స్టిక్కరు మీద ఎర్రపడవలో నిలబడ్డ పిల్ల, చుట్టూ జపాను అక్షరాలు. ఎదురింటివాళ్ళ దగ్గర ఆట మిషను ఉండేది, అంతకుముందు నన్ను గుమ్మం దాటనివ్వని వాళ్ళు ఇప్పుడు కిటికీలోంచి పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నీళ్ళ కింద మునిగిన గంటలు వెతికే ఆట అది. కరెంటు పోతే అంతా పోయేది, మళ్ళీ మొదటి ద్వీపం నుంచి మొదలు, రెండేళ్ళు ఆడినా నేను మూడో ద్వీపం దాటలేదు. జపాను పిల్లలకి ఎంత ఓపికో అనుకునేదాన్ని.

"లిగాయ్ ఎక్కడిదాకా వచ్చాడు?" అన్నాడు నాన్న.

ఫోన్ చూశాను. "ఊళ్ళోకి వచ్చాడు. రోడ్డు జామ్ అయిందంట."

"మంచివాడేనా?"

"నాకేం తెలుసు. ఫోన్లోనే కదా."

నాన్న తల ఊపాడు. ఏదో అనబోయి గ్లాసు అడుగు చూశాడు. నేను అవసరం లేకపోయినా భూతద్దం తుడవడం మొదలుపెట్టాను.

పంతొమ్మిదో ఏట ఇదే బజారులో కింది అంతస్తులో రిపేర్లు నేర్చుకుంటున్నాను. ఓ నావికుడి భార్య పెట్టెడు క్యాసెట్లు తెచ్చింది, భర్త పోయాక, నిజంగా జపాను రేవుల్లో కొన్నవి. అందులో ఎర్రపడవ పిల్ల ఉంది. నా నేస్తం కనపడ్డట్టు చటుక్కున తీశాను, తియ్యగానే చెయ్యి ఆగిపోయింది. బరువు వేరు. బరువు ఎక్కువో తక్కువో కూడా చెప్పలేను, వేరు, అంతే, మన ఇంటి తలుపు గడియ కాదని చీకట్లో కూడా తెలిసినట్టు. తర్వాత ఒకటొకటే కనిపించాయి, నాకు ఈ విద్య నేర్పింది ఆ పావుగంటే. స్టిక్కరు మీద వేలు జరిపితే తగిలే రెండంకెల గుంట, కార్ఖానాలో ఒత్తినది. అద్దం కింద రంగుచుక్కలు వరసగా పూసలు గుచ్చినట్టు ఉండాలి, నకిలీలో ఇసక చల్లినట్టు ఉంటాయి. వెనక మరల తలలు ఆరు పళ్ళతో ఉండాలి, మామూలు స్క్రూడ్రైవరు దేనికీ లొంగవు. మా ఇంట్లో దానికి మూడు మరలు, మూడూ ప్లస్ గుర్తువి, కూరగాయల కత్తి మొనతో తిప్పినా వచ్చేస్తాయి. చివరికి మిషనులో పెడితే ఆ విధవరాలి క్యాసెట్టు నన్ను ఒక ప్రశ్న అడిగింది, ఆపిన చోటు నుంచి ఆడతారా అని. లోపల గుండీ బ్యాటరీ ఉంటుంది, ఆట గుర్తుపెట్టుకుంటుంది. ఏడో ద్వీపం దగ్గర ఎవరో ఆపి వెళ్ళారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న సూప్‌లో రొట్టె ముంచుకుని తింటున్నాడు. ఆ చెయ్యి, ఆ రొట్టె, ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. క్యాసెట్టు జపానుది కాదు. అయితే నాన్న జపాన్ వెళ్ళలేదు. అయితే పదకొండు నెలలు ఎక్కడున్నాడు. జైల్లోనన్నా ఉండాలి, ఇంకో ఇంట్లోనన్నా ఉండాలి. జైలైతే పెరట్లో ఎవరో ఒకరి నోటి నుంచి వచ్చేది. కాబట్టి ఇంకో ఇల్లు, ఇంకో ఆవిడ, బహుశా పిల్లలు కూడా, అమ్మ ఉత్తరాలు కల్పించి చదివింది మా కోసం, పొయ్యిలో వెయ్యడానికి అసలు ఉత్తరాలే లేవు. రెండు మూడు రోజుల్లో ఇదంతా నాలో గట్టిపడిపోయింది. అడగలేదు. మూడు మరలు విప్పి చూస్తే అడగాల్సి వస్తుంది, అందుకని విప్పనూ లేదు. వేల క్యాసెట్లు విప్పాను, అదొక్కటే మిగిలింది.

అమ్మని మట్టిచేసిన రోజు నాన్న బల్ల దగ్గర కూర్చుని, కబురు పెట్టాల్సిన చుట్టాల పేర్లు పెన్సిలుతో రాసుకుంటున్నాడు. పదమూడేళ్ళయింది. చుట్టూ పెద్దమ్మలు, ఎవరో మాంసం కోస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి వంగి, ఆయన ఒక్కడికే వినపడేట్టు, "జపాన్‌లో ఉన్నవాళ్ళకి కబురు పెట్టావా నాన్నా?" అన్నాను. పెన్సిలు కింద పెట్టాడు. తలెత్తి నా మొహం చూశాడు. "అక్కడ ఇంకెవరూ లేరు," అన్నాడు. వెళ్ళిపోయిందన్నమాట అనుకున్నాను ఆ ఆవిడ, లేకపోతే పోయింది, మంచి పని అయింది అనుకున్నాను, దేవుడు క్షమించాలి. ఆ తర్వాత పండగలకి మాంసం తీసుకెళ్ళేదాన్ని, కిటికీలు తుడిచేదాన్ని, టీ తాగి వచ్చేసేదాన్ని. నాన్న పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడిన రోజు నాకు గుర్తు లేదు. ఇప్పుడు అరగంట నుంచి ఒకే గదిలో ఉన్నాం, అదే చాలా ఎక్కువ అనిపిస్తోంది. రెండూ నలభై. ఇంక అడిగెయ్యి నాన్నా, అనుకుంటున్నాను, నువ్వు అడిగితే నేను కాదంటాను, అయిపోతుంది.

"జనార్," అన్నాడు.

"నాన్నా, నువ్వు ఏం అడగబోతున్నావో నాకు తెలుసు. వద్దు. నా వల్ల కాదు."

"నేను అడగడానికి రాలేదమ్మా."

గ్లాసు కింద పెట్టి, సాక్సులోంచి క్యాసెట్టు బయటికి తీశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తున్నాను. ఎర్రపడవ వెలిసి గులాబీ రంగులోకి వచ్చింది. బల్ల మీద పెట్టి, చేత్తో నా వైపు తోశాడు.

"దీని మీద నీ పేరు పెట్టకు," అన్నాడు. "ఇది మంచిది కాదు. అసలుది కాదు. దౌరెన్ వాగుడుకి నీ పేరెందుకు పోవాలి. వాడితో చెప్పలేకపోయాను, నీతో చెబుదామని వచ్చాను. బస్సులో అంతా అనుకుంటూనే వచ్చాను, తీరా ఇక్కడికొచ్చేసరికి నోరు పెగల్లేదు."

బస్సులో అంతా అనుకుంటూ. నేనూ బస్సులోనే. చేతిలో భూతద్దం, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"నాకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసు?"

"నకిలీ అని. పంతొమ్మిదేళ్ళప్పటి నుంచీ తెలుసు."

నాన్న లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు. అన్ని ఏళ్ళూ ఆయన మొహం మీద ఒకటొకటిగా కదలడం చూశాను. ఆయనకి కోపం రాలేదు, సిగ్గూ కనపడలేదు, ఏదో దారిలో నాకంటే ముందు నడుస్తున్నాననుకున్నవాడు వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేనట్టు చూశాడు.

"మరి అడగలేదేం?" అన్నాడు.

"నువ్వు చెప్పలేదేం?"

పక్క గదిలో పాట ఆగింది. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది, ఇంత చలిలో.

"విప్పు," అన్నాడు. "లోపల ఉంది. నేను చెప్పేదానికంటే నువ్వు చూస్తే మేలు."

మామూలు స్క్రూడ్రైవరు తీసుకున్నాను. మొదటి మర తేలిగ్గా వచ్చింది, రెండోదీ అంతే, మూడోది కొంచెం తుప్పు పట్టింది. మూత పైకి లేపుతుంటే లోపల ఏముంటుందో నాకు ముందే తెలుసు, గట్టిగా అయిదు వేళ్ళంత పచ్చ పలక, దాని మధ్యలో చిప్పు ఉండాల్సిన చోట తారు చుక్క లాంటి నల్లటి బొట్టు, పేరు లేదు, సంవత్సరం లేదు, ఊరు లేదు, బ్యాటరీ లేదు. అన్నీ అలాగే ఉన్నాయి. అయితే పలకకీ డొల్లకీ మధ్య ఖాళీలో ఇంకేదో కుక్కి ఉంది, నల్లగా, మడతలుగా. కాగితం అనుకున్నాను. పట్టకారుతో లాగితే చిన్న చప్పుడుతో వచ్చింది, ప్లాస్టిక్ రేకు. మడతలు విప్పాను, నాలుగు మడతలు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను, పొగలోంచి వచ్చే ఆ కొద్ది వెలుతురులో ఎముకలు కనిపించాయి. పక్కటెముకలు, ఒక మెడ ఎముక, దాని కింద మంచు ముద్ద లాంటి తెల్లటి మచ్చ. మూలన తెల్లని అంకెలు, కత్తిరించగా మిగిలిన పేరు చివరి అక్షరాలు. మా ఇంటిపేరు చివరి అక్షరాలు.

"నాదే," అన్నాడు నాన్న. "కుడి ఊపిరితిత్తి."

రేకుని ఇంకొంచెం వెలుతురులోకి తిప్పాను.

"క్షయ," అన్నాడు, ఆ మాట ఎవరో వింటారన్నట్టు గాజు తలుపు వంక చూసి. "కార్ఖానా మూసే ముందే దగ్గు పట్టుకుంది. మీ అమ్మ పిల్లల బడి వంటింట్లో పనిచేసేది కదా. ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఆ సాయంత్రమే పంపించేస్తారు. ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. మిమ్మల్ని పెరట్లోకి రానివ్వరు, బడిలో పక్కన కూర్చోనివ్వరు. మా అన్న ఇంటి చిరునామా రాయించి కొండల కింద ఆస్పత్రిలో చేరాను. జపాన్ మాట మీ అమ్మదే. నేను మామూలుగా రష్యా అని చెప్పమన్నాను, దగ్గరైతే పిల్లలు ఎప్పుడొస్తాడని అడుగుతారు, దూరమైతే అడగరు అంది."

"ఉత్తరాలు?"

"నేనే రాసేవాణ్ణి. సముద్రం చూసినవాడు మా వార్డులో ఒకడుండేవాడు, అతన్ని అడిగి రాసేవాణ్ణి. చదివాక కాల్చెయ్యాలి కదా, జబ్బు మనిషి చేతి కాగితం."

చలి కదా, అనేది అమ్మ. ఆదివారం ఆదివారం గాజు సీసాలో సూప్ పోసుకుని శాలువా చుట్టుకుని పెద్దమ్మ ఇంటికని వెళ్ళేది, మమ్మల్ని వెంట రానిచ్చేది కాదు, తిరిగొచ్చి గుమ్మంలోనే చేతులు మోచేతుల దాకా కడుక్కునేది, పైబట్టలు బాల్కనీలో ఆరేసేది. ఎవరో తెలిసిన డాక్టరమ్మ మా ముంజేతుల మీద సూది గుచ్చి, మూడో రోజు ఉబ్బుని స్కేలుతో కొలిచింది. నెలల తరబడి పొద్దున్నే ఒక తెల్లబిళ్ళ, విటమిను అంది, దౌరెన్ ఉమ్మేస్తుంటే జామ్‌లో నలిపి పెట్టేది. అదంతా నాలోనే ఉంది, ఇన్నేళ్ళూ, ఒక్కటీ దాచలేదు నా నుంచి ఎవరూ. స్టిక్కరు మీద రెండంకెల గుంట వేలితో పట్టుకునేదాన్ని, ఇది పట్టుకోలేదు. ఇంకో ఇంటికి, ఇంకో ఆవిడకి, ఆవిడ పిల్లలకి కూడా మొహాలు కల్పించుకున్నాను.

"పక్క మంచం అతను సరిహద్దు అవతల ఉరుంచి అనే ఊరికి వెళ్ళి సరుకు తెచ్చి అమ్మేవాడు," అంటున్నాడు నాన్న. గొంతు తేలికపడుతోంది, మాట మాటకీ. "మంచం కింద సంచీడు క్యాసెట్లు ఉండేవి. నా ఉన్ని సాక్సులు రెండు జతలు ఇస్తే ఇది ఇచ్చాడు. ఊపితే గలగలమనేది. జపాన్ సరుకు గలగలమంటుందా, నువ్వసలే అన్నీ ఊపి చూసే పిల్లవి. చేతిలో ఇంకేం లేదు, పాత ఎక్స్‌రే కత్తిరించి కుక్కాను. విప్పితే చచ్చిపోతుందన్నది అందుకే."

"అమ్మ పోయాక కూడా చెప్పలేదు."

"చెబుదామనుకున్నా. ఆ రోజు నువ్వొచ్చి అడిగావు కదా, జపాన్‌లో ఉన్నవాళ్ళకి కబురు పెట్టావా అని. నీకు అంతా తెలిసిపోయిందనుకున్నాను, వార్డు సంగతి, అమ్మ సంగతి. తెలిసి అడుగుతున్నావనుకున్నా. ఎనిమిది మంచాలు మావి. మీ అమ్మ పోయేనాటికి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఎవరూ లేరన్నాను. తర్వాత నువ్వు మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఈ అమ్మాయికి నా జబ్బంటే రోత కాబోలు, అందుకే దగ్గర కూర్చోదు అనుకున్నాను."

నేను దేనికి దూరంగా కూర్చున్నానో ఆయనకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, ఇవాళ కాకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుంది, అంత కాలం మాకు లేదు. "రోత కాదు నాన్నా," అన్నాను. "నీకు ఇంకో ఇల్లుందనుకున్నాను."

నాన్న నన్ను చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచి, మూసి, కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడేమోనని లేచాను. నవ్వుతున్నాడు, శబ్దం లేకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా. "ఆ ఒంటితోనా," అన్నాడు. "నలభై ఎనిమిది కిలోలున్నాను తల్లీ."

మెట్ల మీద బూట్ల చప్పుడు. మూడింటికి అయిదు నిమిషాలు తక్కువ. ఎక్స్‌రే ముక్కని సొరుగులో పెట్టాను, తాళం వెయ్యబోయి మానేశాను. తలుపు తోసుకుని వచ్చిన మనిషి యాభై దాటిన ఇక్కడి కొరియావాడు, పొట్టి, నిద్రలేని కళ్ళు, చేతిలో వేడి రొట్టెల పొట్లం, వచ్చేవాళ్ళు చేతులూపుకుంటూ రాకూడదని దారిలో కొన్నట్టుంది. నాన్నకి రెండు చేతులతో నమస్కరించి, "మీరే కదా ఓడలో వెళ్ళినాయన," అన్నాడు, ఎంత గౌరవంగానో. నాన్న తల వంచుకున్నాడు. నేను విప్పిన క్యాసెట్టు రెండు ముక్కలూ బల్ల మధ్యకి జరిపాను.

"లిగాయ్ గారూ, ఇది నకిలీది."

ఆయన కూర్చోకుండానే వంగి నల్లబొట్టు చూశాడు. చూడగానే తెలిసిపోయింది ఆయనకీ. పొట్లం బల్ల మీద పెట్టి, అద్దం అడిగి తీసుకుని స్టిక్కరు చూశాడు, వెనక్కి తిప్పి మర కన్నాలు చూశాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే విప్పానని అనొచ్చు. అది నిజమే కూడా. "మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడే తెలుసు," అన్నాను. "మీరు బయల్దేరక ముందే. చెప్పలేదు. తప్పు నాది."

"బాల్ఖాష్ దగ్గర చెప్పినా వెనక్కి తిరిగేవాణ్ణి," అన్నాడు. "రెండు చోట్ల కారు జారింది, తెలుసా మీకు. మీ పేరు చెబితేనే బయల్దేరాను."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

దానికి జవాబు గదిలోనే ఉంది, స్టూలు మీద, టోపీ మోకాలి మీద పెట్టుకుని. లిగాయ్ నన్ను చూసి, నాన్నని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. ఇంకేం అడగలేదు. పెట్రోలు డబ్బులు ఇస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. నకిలీ అని కార్డు రాసి సంతకం పెడుతుంటే నా చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డాడు. "స్టిక్కరు మాత్రం బాగా చేశారు వెధవలు," అన్నాడు తలుపు దగ్గర. "మళ్ళీ మీ దగ్గరికి వస్తానో రానో నాకు తెలీదు జనార్ గారూ. వస్తాననే అనుకుంటున్నాను, కానీ ఇవాళ కాదు." రొట్టెల పొట్లం తీసుకెళ్ళలేదు. ఆయన బూట్ల చప్పుడు కిందిదాకా వినిపించింది, రావడం కంటే వెళ్ళడం నెమ్మదిగా.

పొట్లం విప్పి ఒక రొట్టె నాన్న చేతికిచ్చాను, స్టూలు ఆయన స్టూలు పక్కకి లాక్కుని కూర్చున్నాను. నాన్న సగం రొట్టె తినేసరికి ఫోన్ మోగింది. దౌరెన్. లిగాయ్ కిందికి దిగుతూనే వాడికి చేసినట్టున్నాడు.

"ఏంటక్కా ఇది? నకిలీ అన్నావంట. ఆయన నన్ను దొంగని తిట్టినట్టు తిట్టాడు. నాన్న స్వయంగా తెచ్చిందాన్ని పట్టుకుని నకిలీ అంటావా? అంటే నాన్న అబద్ధమాడాడా? నీకు మొదట్నుంచీ నాన్నంటే పడదు, నాకు తెలుసు."

ఫోన్ చెవికి ఆనించి నాన్న వంక చూశాను. వాడి గొంతు గదంతా వినిపిస్తోంది. నేను చెప్పనా అని కళ్ళతో అడిగాను. నాన్న రొట్టె ముక్క నమిలి మింగి, పొడి అంటిన వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని, చెయ్యి చాపాడు. ఇచ్చాను.

"దౌరెన్," అన్నాడు, ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మాట్లాడేలాగే, అవతల ఊరు ఎంత దూరమో అంత గట్టిగా. "నేను నాన్నని. అక్కని ఏం అనకు. నేను జపాన్ వెళ్ళలేదు. విను. నేను ఎప్పుడూ సముద్రం చూడలేదు. నాకు క్షయ వచ్చింది, పదకొండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాను. మీకు చెప్పలేదు."

గాజు తలుపు అవతల నడవాలో ఇద్దరు ఆగి లోపలికి చూశారు. నాన్న గొంతు తగ్గించలేదు. అవతల నుంచి ఏమీ వినపడలేదు, ఎంతసేపంటే నాన్న ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, కట్ అయిందేమోనని తెర వంక చూశాడు. అప్పుడు వినిపించింది, వెనక ఎక్కడో వాడు సామాను జరుపుతున్న చప్పుడు ఆగిపోయి, వాడి గొంతు మూడేళ్ళ పిల్లవాడిదంత చిన్నదై.

"ఇప్పుడెలా ఉంది నాన్నా?"

నాన్న నా వంక చూశాడు, ఈ ప్రశ్నకి ఏం చెప్పాలో నన్ను అడుగుతున్నట్టు. ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు, ముప్పై ఏళ్ళు. జాగ్రత్తగా, లోపలికి ఒకసారి చూసుకున్నట్టు, గాలి నిండా పీల్చి వదిలాడు.

"బాగానే ఉంది," అన్నాడు. "తగ్గిపోయింది."